కాటాను కదపని టెంటు

గోదాములో బస్తాలు తూచే కాటాకి ఒక పొగరు ఉంది. బస్తా పెడితే ఒప్పుకుంటుంది, అంతకన్నా చిన్నదాన్ని లెక్కచెయ్యదు. దాని మీద చెప్పు పెట్టినా, అన్నం డబ్బా పెట్టినా ముల్లు నిద్ర లేవదు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఏళ్ళ తరబడి దాని పక్కన కుర్చీలో కూర్చుని అంకెలు రాస్తున్న ఆవిడే. గోదామంతా ఆవిణ్ణి కాటా అక్క అంటుంది. అయినా ఆ సాయంత్రం డ్యూటీ దిగబోతూ, అద్దె కొట్టు నుంచి తెచ్చిన రెండు టెంట్లనీ ఒకదాని తర్వాత ఒకటి తీసుకెళ్ళి ఆ కాటా మీదే పెట్టింది. అలవాటు అలాంటిది. ఎత్తినప్పుడే చేతికి బరువు తెలుస్తుంది, కానీ ముల్లు చెప్పేదాకా ఆవిడకి నమ్మకం కుదరదు.

పెద్ద టెంటుకి ముల్లు బద్ధకంగా ఒక గీత కదిలింది. చిన్నదానికి అసలు కదల్లేదు.

షట్టరు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ఈక బాబాయ్ తొడ చరిచాడు.

"చూశారా? బరువే లేదు! నేనెప్పటినుంచో చెప్తున్నదే కాటా చెప్పింది. తేలికదంటే అదీ టెంటు. ఇంక ఆలోచించకమ్మాయ్, ఆ పెద్దది పారేసిరా."

"ఆ కాటా మీద నిన్ను కూర్చోబెట్టినా కదలదు బాబాయ్," అన్నాడు బస్తాల లోడు దింపించి కాగితాల కోసం ఎదురుచూస్తున్న లారీ డ్రైవరు. "నీలో ఉన్నదంతా గాలేగా."

బాబాయ్ పట్టించుకోలేదు. ఆయన ఈ గోదాములోనే బస్తాల మూతులు కుట్టే పని చేసి రిటైరయ్యాడు. ఎంత బరువు చూసినా "ఈకంత లేదు" అనడం ఆయన అలవాటు. ఎత్తేవాళ్ళు వేరే కాబట్టి ఆయనకి అలా అనిపించేదని హమాలీలు ఆ పేరు పెట్టారు. ఇల్లు గోదాము వెనక సందులోనే. ఇంట్లో తన మాట వినేవాళ్ళు లేరని కాబోలు, షిఫ్టు మారే వేళకి రోజూ వచ్చి బెంచీ మీద అదే మూల కూర్చుంటాడు.

కాటా అక్క రెండు సంచులనీ చెరో చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. వాటిని బెంచీ మీద పెట్టి, తను కూర్చోవడానికి కాస్త ఆలస్యం చేసింది. పొద్దుటినుంచీ కూర్చున్న నడుము మళ్ళీ కూర్చోవాలంటే ముందు నిటారుగా నిలబడి కాస్త బతిమాలుకోవాలి. టీ కొట్టతను అడక్కుండానే గ్లాసు అందించాడు.

ఆవిడ కష్టం చిన్నదే, కానీ తెగేది కాదు. కూతురు ఏడాదికోసారి స్నేహితులతో కొండల్లోకి నడకకి వెళ్తుంది. వీపున సంచీ, అందులోనే ఇల్లూ వాకిలీ. "అమ్మా, ఈసారి నువ్వు కూడా రా," అని అడగడం మొదలుపెట్టి మూడేళ్ళయింది. మొదటిసారి వాన వంక దొరికింది. రెండోసారి షిఫ్టు మారింది. ఈసారి పిల్ల కోపం తెచ్చుకోకుండా, అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది: "ఈసారి కూడా కాదంటే ఇంక నేను అడగనులే అమ్మా." ఆ మామూలుతనమే ఆవిణ్ణి గుచ్చింది. వస్తానంది. బస్సు రేపు పొద్దున్నే. ఇద్దరూ ఒకే టెంటులో పడుకోవచ్చని కూతురి ఆశ. కానీ అద్దె కొట్టులో చిన్న టెంటు ఎత్తి చూశాక కాటా అక్క మనసు అటు లాగింది. అది ఒక్క మనిషికి. అది తీసుకుంటే పిల్ల స్నేహితుల టెంటులో సర్దుకోవాలి. కొట్టువాడు రెండూ ఇచ్చి, మూసే లోపల ఒకటి వెనక్కి తెచ్చెయ్యమన్నాడు. అమ్మాయి పని ముగించుకుని ఇటే వస్తోంది. ఈలోగా తేల్చాలి.

అసలు వెళ్ళాలా అన్నదే ఇంకా తేలలేదని మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"నా మాట విను," అన్నాడు ఈక బాబాయ్, గ్లాసు పక్కన పెట్టి. "నేను ఆ కొండ ఎక్కినవాణ్ణి. ఒక్కణ్ణే. టెంటు మోసుకుని."

"ఎప్పుడు?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పుట్టకముందులే. పెద్ద గొప్పేం కాదు, ఎవరైనా ఎక్కుతారు. కాకపోతే నా టెంటు కొన్నది కాదు, కుట్టింది. గొడుగులు బాగుచేసేవాడి దగ్గర పాత గుడ్డలు తీసుకుని, ఈ చేత్తో, బస్తాల సూదితో కుట్టాను. కుట్టి ఎత్తి చూస్తే ఎంతుందో తెలుసా? కోడిగుడ్డంత. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. దారిలో మూడుసార్లు పడిపోయిందేమోనని తడుముకున్నాను, అంత తేలిక."

"గుడ్డ సరే, రాడ్లో?"

"రాడ్లు సరుకా?" బాబాయ్‌కి నిజంగానే ఆశ్చర్యం కలిగింది. "ఏమ్మాయ్, నువ్వే చెప్పు. బస్తాకి తరుగు తీస్తావా తియ్యవా? గోనె బరువు సరుకు బరువులో కలుపుతావా? కలపవు. అలాగే టెంటుకి రాడ్లు తరుగు. అక్కడ చెట్ల కొమ్మలు లేవా? మేకులు తరుగు. అక్కడ రాళ్ళు లేవా? తాళ్ళు తరుగు, సంచీ తరుగు. అన్నీ తీసేస్తే మిగిలింది గుడ్డ. ఆ గుడ్డలో కూడా చూస్తే దారం బరువుందని నాకనిపించింది. ఎందుకంటే కుట్టిందెవరు, నేను, చేతి కుట్టు కాస్త దట్టం. సగం దూరం వెళ్ళాక ఒక బండ మీద కూర్చుని, కుట్టు వదిలి కుట్టు విప్పేశాను. అప్పుడు హాయిగా ఉంది."

టీ కొట్టతను పాలగిన్నె కింద మంట తగ్గించాడు. ఇది త్వరగా అయ్యేది కాదని అతనికి తెలుసు.

కాటా అక్క చిన్న టెంటు సంచీని ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళో పిల్లి కూర్చున్నంత కూడా లేదు. దీనికి సొంత రాడ్లు ఉండవనీ, చేతిలో పట్టుకు నడిచే కర్రలే లోపల నిలబెట్టాలనీ అద్దె కొట్టువాడు చెప్పాడు. ఆ మాటా, ఇంకో రెండు మాటలూ చెప్పాడు. వాటిలో ఒకటి ఆవిడని పీకుతూనే ఉంది.

"ఒంటి పొర గుడ్డయితే పొద్దుటికి లోపలంతా చెమ్మ పడుతుందట బాబాయ్. మన ఊపిరే నీళ్ళయి కారుతుందట. పెద్దదానికి లోపల వల గుడ్డ, పైన వాన కవరు, రెండు పొరలు. అందుకే బరువు."

"చెమ్మా?" బాబాయ్ కళ్ళు మెరిశాయి. చెమ్మ గురించి అడగడమే ఆయనకి చాలు. "ఆ చెమ్మే నన్ను బతికించింది! పైన నీళ్ళు లేవు. ఊట ఎండిపోయింది. నేనేం చేశాను? రాత్రంతా కావాలని గట్టిగా ఊపిరి వదిలాను. పొద్దుటికి గుడ్డ నాలుగు వైపులా ధార. కింద గిన్నె పెట్టాను. నిండింది. పొయ్యి రాజేసి టీ పెట్టుకున్నాను. ఈ కొట్టువాడు ఏమనుకోకపోతే, ఇంతకన్నా మంచి టీ."

"నా టీ కూడా ఊపిరితోనే పెడుతున్నా బాబాయ్, నువ్వు డబ్బులిచ్చేదాకా బిగబట్టి," అన్నాడు కొట్టతను.

నవ్వులు ఒక్క క్షణం లేచి అలిసిపోయి కూర్చున్నాయి. షిఫ్టు దిగినవాళ్ళ నవ్వులు అలాగే ఉంటాయి, పూర్తిగా లేవవు. ఎదురుగా లోపల కొత్త షిఫ్టువాళ్ళు బస్తాల మధ్య నుంచి చీపురు తోస్తున్నారు. దుమ్ము షట్టరు కింద నుంచి రోడ్డు మీదికి వస్తోంది.

కాటా అక్క పెద్ద టెంటు వైపు చూసింది. బూడిద రంగు సంచీ, లోపల విడిగా కట్టిన రాడ్ల మూట. ఎత్తినప్పుడు భుజం వెంటనే ఆ ప్రయాణమంతా లెక్కేసింది: బస్సు దిగాక ఎక్కుడు, ఎక్కాక మళ్ళీ ఎక్కుడు, మర్నాడు తడిసిన గుడ్డ మడిచి మళ్ళీ వీపున వేసుకోవడం. తడిస్తే ఏ టెంటైనా బరువెక్కుతుంది. గోనె సంగతి తెలిసిన మనిషికి అది ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నది తీసుకుందామా. లేక రెండూ ఇచ్చేసి, "నడుం పట్టేసిందే," అని పిల్లకి చెబుదామా. ఆవిడ ఆ వాక్యాన్ని లోపల ఒకసారి అనుకుని చూసింది. బాగానే ఉంది. అబద్ధం కూడా కాదు, నడుము నిజంగానే పట్టేసింది.

"చిన్నదాంట్లో సంచీకి చోటు ఉండదట," అంది, వంక ఎంత గట్టిదో చూసుకుంటున్నట్టు. "చెప్పులూ సంచీ బయటే పెట్టాలట. వానొస్తే తడుస్తాయి."

"చోటా!" బాబాయ్ ముందుకు జరిగాడు. "చోటు గుడ్డలో ఉండదమ్మా, మనసులో ఉంటుంది. ఆ రాత్రి వాన పట్టుకుంది. ఎలాంటి వాన? కొండకి కొండే కారిపోతుందేమో అన్నంత. నేను లోపల కాళ్ళు ముడుచుకుని పడుకున్నాను. బయట ఎవరో దగ్గారు. చూస్తే గొర్రెల కాపరి. తడిసి ముద్దయ్యాడు. రావయ్యా అన్నాను. వచ్చాడు. అతనొస్తే కుక్క రాదా? వచ్చింది. కుక్క లోపలికొస్తే గొర్రెలు బయట ఉంటాయా? ఆ తర్వాత ఏమైందో మీరే ఊహించండి!"

"మందంతా వచ్చింది," అన్నాడు డ్రైవరు నీరసంగా.

"మందంతా! నేనేమైనా కొత్తా? బస్తాలు పేర్చడం ఎన్నేళ్ళు చూశాను! గొర్రెల్ని అలాగే పేర్చాను. తలలు ఒక వైపు, తోకలు ఒక వైపు, వరస మీద వరస. పైవరసవాటికి కింది వరస వెచ్చదనం, కింది వరసవాటికి పైవరస దుప్పటి. గుడ్డ సాగింది. గొడుగు గుడ్డ కదా, దానికి విచ్చుకోవడమే తెలుసు. ఇంకా ఒక మూల ఖాళీ మిగిలింది. చెప్పులు అక్కడ పెట్టుకున్నాను."

"ఆ కాపరి ఎక్కడుంటాడు బాబాయ్? ఒకసారి కలుద్దాం."

"పోయాడు."

"కుక్కో?"

"కుక్క అంతకాలం బతుకుతుందట్రా?"

"గొర్రెలు కూడా స్వర్గానికే అన్నమాట."

"నువ్వు వింటావా, లారీ ఎక్కుతావా?"

"వింటా, వింటా. కాగితాలు ఇంకా రాలేదు."

అప్పుడే అమ్మాయి వచ్చింది. మందుల దుకాణంలో అమ్మకాల పని ఆమెది. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు తియ్యడం కూడా మర్చిపోయింది. అందరినీ పలకరించి తల్లి పక్కన బెంచీ చివర కూర్చుంది. రెండు సంచులనీ చూసింది, తల్లి మొహం చూసింది. పెద్ద సంచీ మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యకుండా వెనక్కి తీసుకుంది. కాటా అక్కకి ఆ చెయ్యి కనిపించింది. నోటి దాకా వచ్చిన "నడుం పట్టేసిందే" మాటని టీతో పాటు మింగింది. టీ చల్లారిపోయింది.

"రా తల్లీ, సరైన సమయానికొచ్చావు," అన్నాడు బాబాయ్. కొత్త చెవులు దొరికాయని ఆయన గొంతు మళ్ళీ లేచింది. "మేము ఇలా సర్దుకుని పడుకున్నామా, గాలి మొదలైంది. గాలి అంటే ఫ్యాను గాలి కాదు. నేను మేకులు తరుగు కింద తీసేశాను కదా, మరి టెంటుని ఆపేదెవరు? నేనే. నాలుగు మూలల తాళ్ళూ..."

"తాళ్ళు కూడా తరుగన్నావు."

"కాపరి దగ్గర తీసుకున్నానురా! నాలుగు మూలల తాళ్ళలో రెండు కాళ్ళ బొటనవేళ్ళకి, రెండు చేతులకి కట్టుకున్నాను. గాలి ఒక్క ఊపు ఊపింది. నేను లేచాను. నాతో టెంటు లేచింది, టెంటుతో మందా లేచింది. ఎందుకు లేచింది? తేలిక! అదే నీ పెద్ద టెంటయితే లేచేదా? అక్కడే పడి ఉండేది. కొండ మీంచి కొండ మీదికి, లోయ మీంచి లోయ మీదికి. నేను గుడారాన్ని మోయడం కాదు తల్లీ, గుడారం నన్ను మోసింది. కానీ దిగడం ఎలా? ఇది ఎవరికీ తట్టదు. నాకు తట్టింది. ఊరు వచ్చిన చోటల్లా ఒక గొర్రెని దించాను."

"గొర్రెని దించితే ఇంకా తేలికై పైకి పోవాలి కదా బాబాయ్!" డ్రైవరు లేచి నిలబడ్డాడు. "ఇదేం లెక్క? లోడు దించితే బండి లేస్తుంది గానీ కూర్చుంటుందా?"

బాబాయ్ ఒక్క రెప్పపాటు ఆగాడు. అంతే.

"గొర్రెల ఊపిరి వెచ్చదనానికే కదట్రా టెంటు పైకి లేచింది! ఒక్కో గొర్రె దిగుతుంటే ఒక్కో ఊపిరి తగ్గింది. టెంటు దిగుతూ వచ్చింది. చివరికి కాపరినీ కుక్కనీ వాళ్ళ గుమ్మంలో దించి, నేను ఒక్కణ్ణే మా డాబా మీద వాలాను. కాళ్ళకి మట్టి అంటలేదు. కిందికి దిగి చూస్తే మీ పిన్ని పొయ్యి మీద పెట్టిన పాలు ఇంకా పొంగలేదు. అదీ తేలిక టెంటంటే. ఇంతకీ ఏది తీసుకుంటున్నారు?"

డ్రైవరు నోట్లో తిట్టు తయారవుతోంది కానీ ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నాడు. కొట్టతను గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

అమ్మాయి శ్రద్ధగా విన్నది. నవ్వలేదు. నడకకి వెళ్ళొచ్చినవాళ్ళని అందరూ అడిగే మాటే ఆమె కూడా అడిగింది.

"పైనుంచి ఏం కనిపించింది తాతయ్యా?"

"ఆఁ?"

"కొండ పైకి వెళ్ళావు కదా. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది?"

ఈక బాబాయ్ నోరు తెరిచాడు. ఆయన నోట్లో మాటకి కరువు లేదని గోదాములో అంటారు. ఆ నోరు తెరుచుకుని అలాగే ఉంది.

"చీకటి కదమ్మా," అన్నాడు చివరికి.

"రాత్రి సరే. ఎక్కేటప్పుడు పగలేగా?"

"ఎక్కేటప్పుడు... వంగి ఎక్కుతాం కదా."

"తెల్లవారాక?"

"తెల్లవారేసరికి ఇంటికొచ్చేశాగా తల్లీ."

"పొద్దున్నే చెమ్మ పట్టి టీ పెట్టుకున్నావు కదా తాతయ్యా, అమ్మ ఇంట్లో చెప్పింది, ఎప్పుడూ ఆ టీ కథ చెప్తావని. ఆ టీ తాగుతూ ఎటు చూశావు?"

డ్రైవరు ముందు చిన్నగా, తర్వాత బెంచీ కదిలేలా నవ్వాడు. "అయిపోయింది! గొర్రెలకి కూడా సమాధానం చెప్పినవాడు కొండకి చెప్పలేకపోయాడు!" కొట్టతను నవ్వు ఆపుకోలేక తడి గ్లాసుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బాబాయ్ కూడా నవ్వబోయాడు. కుదరలేదు. సూదికి కాయలు కాసిన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ, గోదాము కప్పు పైన కనబడే ఆకాశం వైపు చూశాడు. ఆ కొండలు అటువైపే ఉంటాయి. బస్సు ఈ గేటు ముందు నుంచే పోతుంది. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ పోయింది, ఇప్పుడూ పోతోంది.

కాటా అక్క ఆయన్నే చూస్తోంది. ఆయన తరుగు కింద తీసేసినవన్నీ ఆవిడకి గుర్తొచ్చాయి. రాడ్లు, మేకులు, తాళ్ళు, ఎక్కుడు, దిగుడు. ఇంకో ఏడాదో రెండేళ్ళో ఆగితే ఈ బెంచీ మీద తను కూడా కూర్చుని, ఆ కొండ గురించి ఎవరికో ఏదో చెప్తుంది. బాగానే చెప్తుంది కూడా. బరువు అంకెలు ఆవిడకి కొట్టిన పిండి.

ఆవిడ ఒళ్ళో ఉన్న చిన్న సంచీని కూతురి చేతిలో పెట్టింది. "ఇది ఇచ్చేసి రావాలి. కొట్టు మూసేలోపల."

అమ్మాయి కదల్లేదు. "రెండూ ఇచ్చేద్దామా అమ్మా? నిజం చెప్పు. నేనేమీ అనుకోను."

"ఇది ఒక్కటే." కాటా అక్క బూడిద రంగు సంచీ తాడు విప్పి, రాడ్ల మూటా మేకుల సంచీ బయటికి లాగి బెంచీ మీద పెట్టింది. "ఇవి నీ వీపు మీద. గుడ్డ నా వీపు మీద. ఒకదాంట్లోనే పడుకోవాలంటే చెరి సగం మొయ్యాల్సిందే."

"మరి నీ నడుం?"

"ఉంది. ఎక్కడికి పోతుంది, నాతోనే వస్తుంది."

అమ్మాయి రాడ్ల మూటని తీసుకుని, ఎక్కడ ఇంకెవరైనా లాగేసుకుంటారో అన్నట్టు చంకలో పెట్టుకుంది. మెడలో కార్డు ఇప్పుడు గుర్తొచ్చి, తీసి జేబులో పెట్టుకుంది. లోపలి నుంచి ఎవరో డ్రైవర్ని కేకేశారు, కాగితాలు వచ్చాయని. అతను పోతూ పోతూ బాబాయ్ భుజం తట్టాడు. "ఈసారి లోడు దించితే బండి కూర్చునేలా ఒక కథ చెప్పు బాబాయ్, నాకు పనికొస్తుంది."

తల్లీ కూతుళ్ళు లేచి సంచులు సర్దుకుంటుంటే, బాబాయ్ కూడా ఏదో సాయం చేద్దామన్నట్టు లేచి, చెయ్యడానికేమీ లేక నిలబడ్డాడు.

"అమ్మాయ్," అన్నాడు, గొంతు తగ్గించి. "వచ్చాక చెప్పు. పైనుంచి ఏం కనిపించిందో. నేను చూసిందీ అదేనో కాదో పోల్చుకుంటాను."

కాటా అక్క సంచీని భుజానికెత్తుకుంది. ఎత్తగానే మొహంలో నొప్పి కనిపించింది, దాన్ని దాచుకోలేదు.

"చెప్తాను బాబాయ్. కూర్చోబెట్టి అంతా చెప్తాను. కాకపోతే నువ్వు మళ్ళీ ఇంకొకరికి చెప్పేటప్పుడు, మోసింది మాత్రం మేమేనని చెప్పు."